ఈజ్ అని రాసిన రాత్రి

క్లైపెదా రేవులో, క్యాంటీన్ పైగదిలో
మంగళవారం సాయంత్రాలు మాకు ఇంగ్లీషు.
హీటరు మీద ఆరేసిన చేతితొడుగుల వాసన.
కిటికీ అవతల పసుపు క్రేన్ల పొడుగాటి మెడలు.

స్కిర్మాన్తె టీచరు బోర్డు మీద ఒక్క మాటే రాసింది:
అస్యూమ్.
"తెలిసింది వేరు, అనుకున్నది వేరు.
రెంటినీ ఒకే సంచిలో కట్టి పంపకండి," అంది.

ఎవరూ నావైపు చూడలేదు.
చూడకుండా ఉండటానికెంత కష్టపడ్డారో నాకు తెలుసు.
తెలుసంటే,
అనుకుంటున్నాను.

జూలైలో, మూడు రోజుల సెలవుకి ముందు రాత్రి
డ్యూటీ దిగుతూ ఓడ ఏజెంటుకి మెయిలు పెట్టాను:
ది కంటైనర్ ఈజ్ కనెక్టెడ్.
నాలుగు మాటలు. పరీక్షలో అయితే పదికి పది.
యార్డులోకి మాత్రం నేను వెళ్ళలేదు.
ఏడో వరసలో ప్లగ్గు పెట్టేది ఎయిమాంతస్,
ఎప్పుడూ పెడతాడు,
కాబట్టి పెట్టే ఉంటాడు.

ఎయిమాంతస్ ఆ పూట పంటినొప్పితో ముందే వెళ్ళిపోయాడు,
వచ్చే షిఫ్టువాళ్ళు చూసుకుంటారులే అనుకుని.
వచ్చే షిఫ్టువాళ్ళు నా మెయిలు చదివారు.

నాలుగో రోజు పొద్దున
తలుపు కిందనుంచి సన్నగా నేరేడు రంగు ధార.
అడవుల్లో ఆడవాళ్ళు వంగి వంగి ఏరిన బ్లూబెర్రీలు,
పద్దెనిమిది టన్నులు, గడ్డకట్టించి పంపినవి,
కరిగి, కాంక్రీటు మీద పారి
రైలు పట్టాల సందులో ఆగాయి.
కందిరీగలు ముందు చేరాయి,
బీమావాళ్ళు తర్వాత.

డెన్మార్క్ నుంచి వచ్చినాయన మర్యాదస్తుడు.
కాగితం నావైపు తిప్పి
పెన్సిలుతో ఒక్క మాట కింద గీత గీశాడు.
"ఈ ఈజ్‌ని ఎవరు చూశారు?"

మా భాషలో అయితే తుర్బూత్ అంటాం, కాబోలని.
అనేలోపే భుజాలు వాటంతటవే లేస్తాయి.
ఇంగ్లీషులో నాకు భుజాలుండవు.
కాబోలు అంటే వీడికి పని రాదనుకుంటారని,
ఏమో అంటే భాషే రాదనుకుంటారని,
నత్తివాడు పాట అందుకున్నట్టు
గట్టిగా, గబగబా, అన్నిటికీ ఈజ్.

"ఐ అస్యూమ్ అన్నాక ఆగిపోకండి," అంటోంది టీచరు.
"ఎందుకలా అనుకున్నారో చెప్పండి.
ఏది చూడలేదో చెప్పండి.
తప్పయితే దిద్దమని అడగండి. అందులో నామోషీ లేదు."
ప్రిజ్యూమబ్లీ దగ్గర అందరి నాలుకలూ జారిపడ్డాయి.
కస్టమ్స్ బల్ల దగ్గర ముప్పై ఏళ్ళుగా కూర్చున్న దంగువొలె
కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి అడిగింది:
"మరి దేవుడున్నాడని ఎలా రాయాలి?"
టీచరు సుద్దముక్క అటూ ఇటూ తిప్పింది.
"మెయిల్లో ఆ అవసరం రాదు లెండి."
నవ్వాం. ఎయిమాంతస్ కూడా,
దవడ పట్టుకుని.

ఆ రాత్రే మళ్ళీ డ్యూటీ, మళ్ళీ అదే వరస.
ఈసారి చేపలు, నార్వే నుంచి.
రాశాను:
కంటైనర్‌కి కరెంటు ఉందని అనుకుంటున్నాను,
జాబితాలో టిక్కు ఉంది కనుక.
నేను స్వయంగా చూడలేదు.

చదువుకున్నాను.
చూడలేదు అన్న మాట తెర మీద
చొక్కా లేకుండా నిలబడ్డట్టుంది.
ఎంతసేపని చూస్తాం దాన్ని?
పంపలేదు. టార్చి తీసుకుని లేచాను.

బయట వాన, ఉప్పు గాలి.
ఏడో వరస మలుపు తిరిగేసరికి
అక్కడ అప్పటికే ఇంకో టార్చి వెలుగుతోంది.
ప్లగ్గు మీద అరచెయ్యి పెట్టి
యంత్రం గుర్రుమనడం వింటున్నాడు ఎయిమాంతస్.
వాడి డ్యూటీ అయిపోయి రెండు గంటలు.

ఎందుకొచ్చావని నేనడగలేదు.
వాడూ అడగలేదు.
ఏదో అనుకునే ఉంటాడు.